మూతి దాకా నింపిన వ్యాను

శుక్రవారం ఉదయం బందరు పక్కన గిలకలదిండిలో, వ్యాను చుట్టూ హారతి తిప్పుతున్న మనవరాలి చేతిలోని పళ్ళెం మీద వెంకాయమ్మ చెంబెడు నీళ్ళు కుమ్మరించింది. కర్పూరం చుయ్యిమని ఆరిపోయింది. హారిక బిక్కచచ్చి నిలబడింది.

"హారతి ఆర్పేత్తావేంటత్తా! మతి గాని పోయిందా?" అని మేనల్లుడు అంజి కేకవేశాడు. అతడు ఆమె తమ్ముడి కొడుకే. వ్యాను నడిపేది అతడే.

"పెట్రోలు కంపు కొడతందిరా. ముందు పిల్లని ఇవతలకి లాగు."

"నాకేం రావట్లా. ఇన్ని చేపల్లో నీ ఒక్కదాని ముక్కుకే పెట్రోలు ఎట్టా తగులుద్దో!"

ఆ వాసనను ఆమె ముక్కు ఎందుకు మరువలేదో ఊరందరికీ తెలుసు. ఆమె భర్త అంకమ్మరావు పడవకు ఉన్నది కిరసనాయిలు మోటారు. దాన్ని స్టార్టు చేయడానికి మొదట కాస్త పెట్రోలు పోయాలి. ఒకనాడు నడిసముద్రంలో ఆ పెట్రోలు డబ్బా ఒరిగి పడవ అడుగున పారింది. ఎవరూ గమనించలేదు. కూర వండడానికి అంకమ్మరావు అగ్గిపుల్ల గీశాడు. ఆ పడవ నుంచి ప్రాణాలతో తిరిగివచ్చిన ఒకే ఒక్కడు వెంకాయమ్మకు చెప్పిన మాట ఇది: "మంట పొయ్యిలో పుట్టలేదక్కా, గాల్లో పుట్టింది."

తరువాత ఆమె రేవులో చేపలు కొని, ఉప్పులో ఊరవేసి, బుట్టలు నెత్తిన పెట్టుకుని గుడివాడ తీసుకెళ్ళి అమ్మింది. కంపు భరించలేక బస్సుల వాళ్ళు ఎక్కనివ్వకపోవడంతో, రెండు వేల మూడో సంవత్సరంలో ఈ పాత మారుతి వ్యాను కొన్నది. వెనుక బుట్టలు, మధ్య సీట్లో తాను, పక్కన హారిక. పెడనలో బడి దగ్గర దింపేటప్పుడు పిల్ల జుట్టు వాసన చూసి పంపడం ఆమెకు అలవాటైంది. కొబ్బరినూనె వెనుక సన్నగా పెట్రోలు తగిలేది. ఆ రోజంతా తక్కెడలో ఆమె తూకం తప్పేది.

గుడివాడలో మెకానిక్ ఏలీయా వ్యాను కిందికి అంతకుముందే రెండుమూడుసార్లు దూరి చూశాడు. ప్రతిసారీ తల అడ్డంగా ఊపాడు. "ఎండుచేపల కంపు తప్ప ఇంకేం లేదు పిన్నిగారూ."

"మా అత్తకి ఎక్కడ చూసినా మంటే కనపడద్దిలే అన్నా" అని అంజి నవ్వేవాడు.

హారతి ఆర్పిన రోజున మాత్రం వెంకాయమ్మ పిల్లను వ్యాను ఎక్కనివ్వలేదు. పొరుగింటి ఆమెతో బస్సులో పంపి, తాను వ్యాను ఎక్కి, గుడివాడ దాకా వాసన పట్టి చూస్తూ కూర్చుంది. ఏలీయా షెడ్డు ముందు దిగీ దిగగానే అన్నది:

"ఇంటికాడ కంపు. పెడన దాకా కంపు. గుడ్లవల్లేరు వచ్చేసరికి ఉండదు. నీ దగ్గరికి రాగానే అసలుండదు. ఎందుకని?"

ఏలీయా చేతులు తుడుచుకోవడం ఆపాడు. "పెట్రోలు ఎప్పుడు పోయిస్తారు?"

"పొద్దున్నే, బుట్టలెక్కించక ముందే, బందరెళ్ళి" అన్నాడు అంజి గర్వంగా. "మూతి దాకా. బండిని అటూ ఇటూ ఊపి, గాలంతా పోయాక మళ్ళీ పోయిస్తాం."

"ఊపడం ఎందుకయ్యా?"

"సముద్రంలోకెళ్ళాక బంకులుంటాయా?"

"గుడివాడ రోడ్డులో సముద్రం ఎక్కడుంది తమ్ముడూ!"

తండ్రి పడవకు నింపినట్టే అంజి వ్యానుకూ నింపుతున్నాడు. వేరే విధంగా నింపవచ్చునని అతనికి ఎన్నడూ తోచలేదు.

"సగం ట్యాంకుతో నాకు చూపిస్తే ఏం కనపడద్ది? పదండి, అట్టాగే నింపుదాం" అన్నాడు ఏలీయా.

బంకు వీధి చివరే. నింపిన తరువాత ఇంజను వేయవద్దన్నాడు. ఇద్దరు మగవాళ్ళూ వ్యానును తోశారు. వెంకాయమ్మ ముందు నడిచింది. ఇప్పుడు వాసన ఆమె వెనకే, ఎండలో వేడెక్కి, వీపు మీద చెయ్యి వేసినట్టు వస్తోంది. టీ కొట్టు దగ్గర పంపు స్టవ్వు బుస్సుమంటోంది. ఆమె రెండు చేతులూ అడ్డంగా చాపింది.

"ఆర్పయ్యా! నీ కాళ్ళు పట్టుకుంటా, పొయ్యి ఆర్పు! ఏవయ్యో, ఆ బీడీ పారెయ్యి!"

"ఎవరీవిడ, ఊరేగింపు ముందు డప్పులాగా!" అని ఎవరో నవ్వారు. టీ కొట్టు యజమాని మాత్రం ఆమె ముఖం చూసి స్టవ్వు ఆర్పాడు. అది పూర్తిగా చల్లబడే దాకా ఆమె వ్యానును కదలనివ్వలేదు.

షెడ్డులో ఏలీయా బ్యాటరీ తీగ ఊడదీశాడు. పక్కన వెల్డింగు ఆపించాడు. పెట్రోలు పోసే గొట్టాన్ని అంటిపెట్టుకుని, ట్యాంకులోని ఆవిరి పోయేందుకు ఒక సన్నని రబ్బరు గొట్టం ఉంటుంది. దానికి సబ్బు నురగ పూసి ముగ్గురూ కాచుకుని కూర్చున్నారు. కాసేపు ఏమీ లేదు. అప్పుడు నురగలో ఒక బుడగ లేచింది. పెరిగింది. పగిలింది. దాని చోట మరొకటి లేచింది. అంజి వంగి పైకి చూశాడు. నురగ లేచిన చోటు సరిగ్గా హారిక కూర్చునే సీటు కింద ఉంది.

గొట్టాన్ని పట్టి ఉంచిన ఇనుప పట్టీని ఏలీయా వేలితో తాకాడు. అది తుప్పు పొడిగా రాలింది. దాని కింద రబ్బరు చీలి ఉంది. చీలిక అంచున తెల్లని పొడి.

"ఉప్పు, పిన్నిగారూ. మీ బుట్టల్లోంచి కారే నీళ్ళే బండి నేలకి చిల్లు పెట్టి దీని మీద పడ్డాయి. ట్యాంకు వెలితిగా ఉంటే లోపలి ఆవిరికి చోటుంటది. మూతి దాకా నింపితే ఎటు పోద్ది? ఈ చీలికలోంచి బయటికి, ఆ చిల్లులోంచి లోపలికి."

ట్యాంకు ఖాళీ చేసి, గొట్టమూ పట్టీలూ కొత్తవి వేశాడు. నేల చిల్లు మూసి, బుట్టల కింద రేకు తొట్టి అమర్చాడు. మళ్ళీ నురగ పూశాడు. బుడగ లేవలేదు. వెంకాయమ్మ ఇంకా చూస్తూనే కూర్చుంది.

మరుసటి శుక్రవారం హారతి పళ్ళెం గుమ్మం దగ్గరే తిరిగింది. అంతకుముందే బందరు బంకులో పోసేవాడు అలవాటుగా వ్యానును ఊపబోతే "చాల్లే, ఊపమాక!" అని అంజి అరిచాడు. పెడన దాకా ఆమె పిల్ల చెయ్యి వదలలేదు.

దిగిన హారిక కిటికీ దగ్గరికి తల వంచింది. "చూడు అమ్మమ్మా."

వెంకాయమ్మ ఆ జుట్టులో ముఖం దాచుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. కొబ్బరినూనె. కాస్త ఉప్పుచేప. మరేమీ లేదు. నమ్మలేక మరోసారి పీల్చింది.

మరునాడూ చూసింది.