మూడో చుక్క

మా లెక్చరరు గారు పోయారన్న ఫోను మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి వచ్చింది. జగ్గయ్యపేటలో నేను పాఠం చెప్పే కాలేజీ స్టాఫ్‌రూములో, అటెండెన్స్ రిజిస్టరు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాను. "సరేనండి" అన్నాను. ఏమిటా సరే, నాకూ తెలియదు. బెల్లు కొట్టారు. క్లాసుకి వెళ్ళి సగటు, మధ్యగతం చెప్పాను. ఒక్క లెక్క తప్పలేదు. మధ్యాహ్నం బస్సెక్కి నందిగామ వెళ్ళాను, చూశాను, వచ్చాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రావటం లేదు.

నందిగామ డిగ్రీ కాలేజీలో ఆయన మాకు స్టాటిస్టిక్స్ చెప్పేవారు. మొదటి రోజు పుస్తకం తెరవలేదు. ముందు బెంచీలో ఉన్న మమ్మల్ని ఏడుగురినీ లేపి, ఇంటి నుంచి కాలేజీకి ఎంతసేపు పడుతుందని అడిగారు. పది నిమిషాలు ఇద్దరికి, పదిహేను ఇద్దరికి, ఇరవై ఇద్దరికి. నా వంతు వచ్చింది. నాది గరికపాడు దగ్గర పల్లె. హైవే దాకా నడక, జగ్గయ్యపేట దాకా ఆటో, అక్కణ్ణించి బస్సు. "రెండు గంటలండి" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. అన్నీ కూడి, ఏడుతో భాగించి, బోర్డు మీద ముప్పై అని వేశారు.

"మీ సగటు ముప్పై నిమిషాలు. ముప్పై నిమిషాలు పట్టేవాళ్ళు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. అప్పుడు తక్కువ నుంచి ఎక్కువకి మమ్మల్ని వరసగా నిలబెట్టి, సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లని చూపించారు. పదిహేను నిమిషాల పిల్ల. "మధ్యగతం అంటే ఇదే. మీ బెంచీ సంగతి అడిగితే ఈ అమ్మాయి చెప్పేదే నమ్ముతా" అన్నారు. వెనక నుంచి ఒకడు లేచి, "ఆ రెండు గంటలు తీసేస్తే సగటు కూడా పదిహేనే వస్తది కదండి" అన్నాడు.

"వస్తది. మరి ఆ అమ్మాయిని ఏం చేద్దాం?" అన్నారాయన. "దూరంగా ఉందని ఏ చుక్కనీ కొట్టెయ్యబాకండి. ముందు అదెక్కణ్ణించి వచ్చిందో కనుక్కోండి."

ఆ పై వారం నుంచి ఆయన క్లాసు మొదటి పీరియడు నుంచి మూడో పీరియడుకి మారింది. ఎందుకు మారిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నా పేరు మాత్రం "రెండు గంటల పిల్ల" అయింది. నాకు నలభై దాటినా ఆయన పిలుపు అదే.

గ్రాఫు మీద ఏ గుర్తయినా ముందు పెన్సిల్‌తోనే పెట్టేవారు. మళ్ళీ సరిచూసుకుని, నిజమని తేలాకే దానిమీద నీలం సిరా. గ్రాఫు కాగితాన్ని మడిస్తే కోపం వచ్చేది, పాత క్యాలెండరులో చుట్టి ఇచ్చేవారు. చాక్‌పీసు ముక్కలు జేబులో వేసుకుని పోతే, చొక్కాలు ఉతికే ముందు వాళ్ళావిడ మేడం గారు వాటిని ఏరి గూట్లో పెట్టేవారట.

ఒకసారి వరసగా రెండు పరీక్షల్లో నాకు ఫస్టు మార్కు వచ్చింది. రెండుసార్లూ వేసుకున్నది ఆకుపచ్చ చున్నీ. మూడో పరీక్ష రోజున అది ఆరలేదు. నా మొహం చూసి ఏంటని అడిగితే చెప్పేశాను.

"రెండు చుక్కలుంటే ఏదో ఒక గీత పడుద్దమ్మా. మూడోది పెట్టి చూడు, నీ గీత నిలబడుద్దో లేదో" అన్నారు. పోతూ పోతూ, "చున్నీ బాగుంది, వేసుకో. మార్కుల పుణ్యం మాత్రం దానికి కట్టబెట్టకు" అన్నారు.

ఈ మాట పదహారేళ్ళుగా నా క్లాసు పిల్లలకి నేనూ చెబుతున్నాను. చెప్పేవి శ్రీరంగనీతులు. చేసిందేమిటో కూడా వినండి.

నిరుడు ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. రోజూ పొద్దున్నే వేలికి ఆక్సిజన్ మిషను పెట్టుకుని అంకె చూసుకునేవారు. బాగోలేదని తెలిసి వెళ్ళాను. మర్నాడు ఆసుపత్రిలో చేర్చారు. కోలుకుని ఇంటికొచ్చారు. రెండు నెలలకి మళ్ళీ బాగోలేదంటే మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ మర్నాడే ఆసుపత్రి. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. నేనే అనుకున్నాను, నా కాలు మంచిది కాదని. మూడోసారి వెళ్తే ఆయన ప్రాణం మీదికి తెస్తానని భయపడ్డాను. స్టాటిస్టిక్స్ లెక్చరర్ని, రెండు చుక్కలు చూసి గీత గీసేశాను.

ఆయన పోయే ముందు వారం మేడం గారు ఫోను చేశారు. "మీ సారు రోజూ అడుగుతున్నారమ్మా, రెండు గంటల పిల్ల రావట్లేదేంటని."

"పేపర్లు దిద్దే పని పడిందండి. ఆదివారం తప్పకుండా వస్తా" అన్నాను.

ఆదివారం బస్టాండు దాకా వెళ్ళాను. నందిగామ బస్సు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను.

పెద్దకర్మ నాడు మేడం గారు పాత క్యాలెండరులో చుట్టిన కాగితం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకివ్వమన్నారమ్మా" అన్నారు. ఇంటికొచ్చి విప్పాను. ఒకదానికొకటి అతికించిన గ్రాఫు కాగితాలు. అడుగున తేదీలు, పక్కన ఆక్సిజన్ అంకెలు, రోజుకో చుక్క. ఆ రోజు ఇంటికి ఎవరొచ్చారో తేదీ కింద చిన్న అక్షరాలు. రెండుచోట్ల నీలం సిరాతో "రెండు గంటల పిల్ల" అని ఉంది.

ఆ రెండుసార్లూ నేను వెళ్ళటానికి మూడు రోజుల ముందు నుంచే చుక్కలు కిందికి జారుతున్నాయి. బాగోలేదని తెలిసే కదా నేను వెళ్ళింది. ఏది ముందో ఏది వెనకో కూడా చూసుకోలేదు. ఎవరూ రాని రోజుల్లోనూ జారాయి, మళ్ళీ లేచాయి. నా కాలికీ ఆ చుక్కలకీ ఏ సంబంధమూ లేదు. వెళ్ళాల్సింది.

చివరి ఆదివారం కింద కూడా "రెండు గంటల పిల్ల" అనే ఉంది. వస్తానన్న మాట మేడం గారు చెప్పగానే ముందే రాసుకున్నట్టున్నారు. ఆ రోజు చుక్క మొత్తం కాగితంలో అన్నిటికన్నా కింద ఉంది. నేను వెళ్ళని రోజు.

కాగితం ఇప్పుడు నా బల్ల మీద పరిచి ఉంది. చుట్టుకుపోకుండా నాలుగు మూలలా పుస్తకాలు పెట్టాను. సోమవారం చుక్క ఉంది. మంగళవారం నుంచి గళ్ళు ఖాళీ. అన్ని పేర్లూ నీలం సిరాలో ఉన్నాయి, ఆ ఆదివారం కింద నాది మాత్రం ఇంకా పెన్సిల్‌లోనే ఉంది.