అవ్వ మొలకలు, భీముడి కండలు

ఆకలి మీదున్న పొట్టేలు వెంటపడితే మనిషి ఎంత వేగంగా పరుగెత్తగలదో మీలో ఎంతమందికి తెలుసు? నాకు తెలుసు. మైదానం నిండా జనం, నోట్లో ఈలతో కోచ్ సారు, నన్ను కన్న బాపు, నన్ను సాకిన అవ్వ, ఇంతమంది చూస్తుండగా తెలుసుకున్నాను. ఆ రోజు పోయిన నా పరువు ఇంకా మా మండలంలోనే ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. మీకు కనబడితే జర ఇంటికి పంపండి.

తెలంగాణ వచ్చిన తర్వాత పోలీసు కొలువులు పడ్డాయి. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఊరికే కూర్చున్న నాకు అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఖాకీ బట్టలు కనబడటం మొదలైంది. మాది మర్రిగూడ దిక్కున గొర్రెలు కాసుకునే ఇల్లు. అమ్మ నా చిన్నప్పుడే పోతే బాపు వాళ్ళమ్మ, అంటే మా అవ్వ, నన్ను పెంచింది. మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగి ఆమె మోకాళ్ళు వంగిపోయాయి. రెండు చేతులా కర్ర పట్టుకుని వాకిలి దాటేసరికి ఆమెకు ఆయాసం వస్తుంది.

"ఉరికితే కొలువిస్తరా?" అని కళ్ళు పెద్దవి చేసి అడిగింది అవ్వ.

"ఉరుకుడు, దుంకుడు అన్నీ ఉంటయవ్వా. గవ్వి పాసయితెనే ముంగటికి పోనిస్తరు."

"అయితే నా వంతు గూడ నువ్వే ఉరుకు బిడ్డా. నా కాళ్లను గీ నీళ్లు తినె."

ఆ మాట అని నా కాళ్ళ వంక ఎంత ఆశగా చూసిందంటే, అప్పటికప్పుడే ఊరి చుట్టూ ఓ చుట్టు పరుగెత్తి రావాలనిపించింది. అనిపించింది అంతే. పరుగెత్తలేదు.

మండల కేంద్రంలోని హైస్కూలు మైదానంలో జంగయ్య సారు అని ఒక రిటైరైన పీఈటీ సారు పొద్దున్నే అమ్మాయిలకు కోచింగ్ ఇచ్చేవాడు. పైసా తీసుకోడు కానీ ఒక షరతు పెట్టాడు. నెల తిరిగేసరికి ఒక ఆదివారం అందరినీ పరుగెత్తిస్తాడు. ఆయన రెండో ఈల వేసేలోపు నాలుగు చుట్లు పూర్తి చేసినవాళ్ళే బ్యాచ్‌లో ఉంటారు, మిగతావాళ్ళు ఇంటికి.

"పొద్దుగాల మొలకలు, పగటీలి జొన్నరొట్టె, ఆకుకూర, గుడ్డు. గంతే తినాలె," అన్నాడు మొదటి రోజే. "గా బస్టాండు కాడ మిర్చి బజ్జీల బండి దిక్కు ఎవలన్న చూస్తే కాళ్లిరగ్గొడత."

నేను చూడలేదండీ. కళ్ళు మూసుకునే తిన్నాను.

ఇక మొలకల సంగతి. ఇంటికొచ్చి సారు చెప్పింది చెప్పగానే అవ్వ తన పాత చీర చించి, శనగలు, పెసర్లు నానబెట్టి, మూట కట్టి దూలానికి వేలాడదీసింది. అవి ఎండిపోతాయేమోనని కర్రను గోడకు ఆనించి, ఒక చేత్తో గుంజను పట్టుకుని, ఇంకో చేత్తో మూట మీద నీళ్ళు చిలకరించేది. నిలబడటమే కష్టమైన మనిషి. నేను మాత్రం ఆ మూట చూడగానే మొహం తిప్పుకునేదాన్ని. పచ్చి మొలకలు నమిలితే సున్నం వేసిన గోడను నాకినట్టుండేది.

మా దొడ్లో భీముడు అని ఒక పొట్టేలు ఉండేది. మా ఇళ్ళల్లో బాగా కండ పట్టాలనుకున్న పొట్టేలుకు నానబెట్టిన శనగలు పెట్టడం మామూలే. ఆ ఏడు కాలం బాగాలేక బాపు దానికి శనగలు మానిపించాడు. పాపం అది దిగులుగా గడ్డి నములుతూ నా వైపు చూసింది. నేను దిగులుగా మొలకలు నములుతూ దాని వైపు చూశాను. మా ఇద్దరికీ ఒప్పందం కుదరడానికి మూడో మనిషి అక్కర్లేకపోయింది.

రోజూ తెల్లారగానే అవ్వ ఇచ్చిన మొలకలు ట్రాక్ ప్యాంటు జేబులో పోసుకుని, "ఉరుక్కుంట తింటనవ్వా" అని దొడ్డి వైపు పరుగెత్తేదాన్ని. భీముడు ఎదురొచ్చి జేబులో మూతి పెట్టేవాడు. నేను అరచేయి చాపితే ఒక్క గింజ మిగల్చకుండా నాకేవాడు. ఆ తర్వాత నేను మైదానానికి, మైదానం నుంచి బజ్జీల బండికి.

కొన్నాళ్ళు పోయాక అవ్వ నా చెయ్యి నొక్కి చూసింది.

"ఏందే, గిన్ని మొలకలు తిన్నా నీ ఒంటికి పడతలేవు?"

"లోపటికి పడతాందవ్వా. పైకి కనబడది."

"గా భీమున్ని చూడు! ఉత్త గడ్డి తినుకుంట ఎట్ల బలిసిండో!"

నాకు పొలమారింది. అవ్వ నా నెత్తి మీద తట్టి, "రేపటి సంది ఇంకో పిడికెడు ఎక్కువేస్త తియ్" అంది. అనడమే కాదు, వేసింది. భీముడి మెడ మా గుంజంత లావయింది. మైదానంలో నేను మాత్రం రెండో చుట్టుకే నాలుక బయటపెట్టేదాన్ని.

"ఏం తింటున్నవమ్మా నువ్వు?" అని జంగయ్య సారు అడిగాడు ఒకరోజు.

"మొలకలు సార్."

"మరి గవ్వి ఏడికి పోతున్నయి?"

ఏడికి పోతున్నాయో చెబితే అదే నా ఆఖరి రోజు అయ్యేది.

ఆదివారం రానే వచ్చింది. అవ్వ ఆటో ఎక్కి మరీ వచ్చింది. మైదానానికి ఒక పక్క గోడ లేదు. ఆ పక్కనే పత్తి ఏరేసిన చేను. బాపు బిడ్డ పరుగూ చూడొచ్చు, గొర్రెలూ మేస్తాయని మందను అక్కడికే తోలుకొచ్చాడు. మందలో భీముడున్నాడని నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఈ కథే లేదు.

గీత దగ్గర నిలబడబోతుంటే అవ్వ పిలిచి నా జేబు నిండా మొలకలు కూరింది. "కండ్లు తిరిగితే నోట్లేసుకో బిడ్డా. నువ్వు ఓడితే నాకు ఇంట్ల కాలు నిలువది."

ఈల మోగింది. రెండు చుట్లకే నేను అందరికంటే వెనక పడ్డాను. మూడో చుట్టులో వెనక నుంచి టకటకమని చప్పుడు. నాకంటే వెనక ఇంకెవరున్నారబ్బా అని సంబరంగా తిరిగి చూశాను.

భీముడు! రెండు మెలికల కొమ్ములు, ఒక మూతి, ఆ మూతి గురి మొత్తం నా జేబు మీద!

నేను పరుగెత్తినప్పుడల్లా మొలకలు దొరుకుతాయని వాడికి నేర్పింది నేనే కదా. "ఓ అవ్వో!" అని ఒక కేక పెట్టి పరుగు లంకించుకున్నాను. ముందున్న అమ్మాయిలు చెప్పులు, చున్నీలు వదిలేసి తలా ఒక దిక్కుకు చెదిరిపోయారు. బాపు చేనులోంచి "భీమా, ఆగురా!" అని అరుస్తున్నాడు. ఆ వెంటనే "బిడ్డా, నువ్వాగకు!" అని కూడా అరుస్తున్నాడు. ఎండకు కళ్ళు చికిలించుకుని చూస్తున్న జంగయ్య సారుకు వెనకున్నది పొట్టేలని అర్థం కాలేదు. "శభాష్! గట్లనే గుంజు! గా పిల్లను ముంగటికి రానియ్యకు!" అని ఎగిరాడు.

నాలుగో చుట్టు ఎప్పుడయిందో తెలియకుండానే అందరికంటే ముందు గీత దాటాను. దాటి బోర్లా పడ్డాను. భీముడు వచ్చి నా జేబు చింపాడు. మొలకలు నేల మీద పడ్డాయి. అక్కడితో ఆగినా బతికిపోయేదాన్ని. కానీ నా చెయ్యి ఉందే, పాడు చెయ్యి, అలవాటు కొద్దీ దానంతట అదే చాచుకుంది. భీముడు బుద్ధిగా ఆ అరచేతిలోంచి తిని, చివర్న వేళ్ళు కూడా నాకాడు.

జంగయ్య సారు దగ్గరికి వచ్చి భీముడి మెడ తడిమాడు, తర్వాత నా చెయ్యి నొక్కాడు.

"సమజయింది. కోచింగు నీకు, తిండి దీనికి," అన్నాడు. నవ్వులే నవ్వులు. నేను మాత్రం అవ్వ వైపే చూశాను. అవ్వ నవ్వలేదు, తిట్టలేదు. కింద పడిన మొలకల వంక చూస్తూ ఉండిపోయింది. బాపు భీముడి మెడకు తాడేస్తూ మెల్లగా అన్నాడు, "అవ్వకు ఒంట్ల రక్తం లేదని దవాఖాన నర్సమ్మ గవ్వి అవ్వనే తినుమన్నదే. నీకోసం ఒక్క గింజ నోట్లేసుకోలే."

సిగ్గుతో చచ్చిపోయానండీ. ఆ మట్టిలోనే ఒక బొక్క తవ్వుకుని దూరిపోదామనిపించింది.

"గా ఉరుకుడు లెక్కకు రాదు. పొట్టేలు లేకుంట మళ్ల ఉరుకాలె," అన్నాడు సారు. చెదిరిపోయిన అమ్మాయిలతో కలిపి, కాసేపు ఊపిరి తీసుకోనిచ్చి, నన్నూ మళ్ళీ నిలబెట్టాడు.

ఈసారి మూడో చుట్టుకే కాళ్ళు మొరాయించాయి. ఇక ఆగిపోదామనుకుంటుండగా "హెయ్! హోయ్ హోయ్! హెర్ర్ర్!" అని కేక వినబడింది. అవ్వ కర్ర మీద లేచి నిలబడింది. కాళ్ళు బాగున్న రోజుల్లో వెనకబడిన గొర్రెను అదిలించిన కేక అది. ఆ కేకకు తాడున్న భీముడూ ముందుకు గుంజాడు, నేనూ ముందుకు గుంజాను. ఏడుస్తూ, చీమిడి తుడుచుకుంటూ, ఈలకు ఒక్క అడుగు ముందు గీత దాటాను. బ్యాచ్‌లో ఆఖరి పేరు నాదే.

అవ్వ దగ్గరికెళ్ళి ఆమె మోకాళ్ళ మీద తల పెట్టాను. "తప్పయిందవ్వా."

"తినబుద్ధి కాకుంటే చెప్పొద్దానే పిచ్చిదానా? ఉల్లిగడ్డేసి, పోపు పెట్టి గుడాలు చేస్తుంటి గదా!" అంది నా చెమట తుడుస్తూ. ఇంత తేలిక సంగతి నాకు తట్టనే లేదు చూడండి.

ఆ సాయంత్రం అవ్వ మొలకలు ఉడకబెట్టి గుడాలు చేసింది. నేను ఆమె ముందు కూర్చుని, ఒక ముద్ద ఆమె నోట్లో పెడితేనే నేనొక ముద్ద తింటానని మొండికేశాను. ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం. అప్పుడు అవ్వ పోపు వేయకుండా పక్కన తీసి పెట్టిన శనగలు నా చేతికిచ్చింది.

"గివి ఎవలకవ్వా?"

"భీమునికి. ఎంతైనా నిన్ను ఫస్టు తెచ్చిన కోచ్ గాడే గదనే!"

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా, మా మందలోని ప్రతి గొర్రె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. జేబులో తిండి పెట్టుకుని ఏ పొట్టేలు ముందూ పరుగెత్తను. పెట్టింది నచ్చకపోతే నచ్చలేదని పెట్టినవాళ్ళ మొహం మీదే చెబుతాను. అవ్వ చేత్తో నాకు పెట్టింది ఇక ఈ జన్మలో ఇంకొకరి నోటికి అందించను, కట్టుకున్న మొగుడు నోరు తెరుచుకుని ఎదురుగా కూర్చున్నా సరే.