ఇసుకే అని చెప్పాను

మొన్న సాయంత్రం టీవీలో నలుగురు పెద్దమనుషులు కూర్చొని, రాజధాని వస్తే ఒక ఊరు ఎంత బాగుపడుతుందో చెప్తున్నారు. రోడ్లు వస్తాయట, ఇళ్లకు గిరాకీ వస్తుందట, పని లేని చెయ్యి ఉండదట. మా మనవడు పక్కన కూర్చొని, "అవ్వా, కర్నూలు రాజధానిగా ఉన్నెప్పుడు నువ్వు ఈడనే ఉంటివి గదా, ఎట్లుండె?" అని అడిగాడు. "శానా సందడిగా ఉండెరా" అని చెప్పి, పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్లాను. పొయ్యి మీద పాలు లేవు. నేను చదివింది నాలుగో తరగతి. పుట్టింటికి కార్డు ముక్క రాయడం తప్ప ఇంతవరకు ఏమీ రాసి ఎరగను. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు. అందుకని మా మామ దగ్గర మొదలుపెడుతున్నాను.

మామ అంటే మా ఇంటాయన తండ్రి. నేతగాడు. మా వీధిలో అందరూ నేతవాళ్లే. మా ముందరి గదిలో నేలలో ఒక గుంట ఉండేది. నేసేవాడు దాని అంచున కూర్చొని, కాళ్లు లోపలికి వేలాడదీసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. అది కాళ్లు పెట్టుకోవడానికే అని పెళ్లై వచ్చిన కొత్తలో నేను అనుకున్నాను. మామ నవ్వాడు. "కాళ్లకు కాదమ్మా, నూలుకు. మన ఎండలకు నూలు ఎండిపోయి పటపట తెగుతాది. గుంట సల్లగుంటే పైన పడుగు పోగులూ సల్లగుంటాయి" అన్నాడు. ఆ గుంట గోడలకు ఆయన తండ్రి తుంగభద్ర ఒడ్డు నుంచి ఒండ్రుమట్టి తెచ్చి మెత్తాడట. మామ రోజూ పొద్దున్నే ఒక చెంబెడు నీళ్లు గుంటలో చల్లి, ఆ తర్వాతే తాను నోట్లో నీళ్లు పోసుకునేవాడు. నడి వేసవిలో అందులో చెయ్యి పెడితే నీళ్లకుండలో పెట్టినట్టు ఉండేది. మా అత్త చనిపోయి అప్పటికి నాలుగేళ్లు. మామ ఆ గుంటతో మాట్లాడుతూ ఉండేవాడు. నేను పక్కన కూర్చొని కండెలకు నూలు చుట్టేదాన్ని. నాతోనే మాట్లాడుతున్నాడనుకొని మొదట్లో చాలాసార్లు జవాబు చెప్పాను కూడా. ఆయన ఆ జవాబులను కాదనేవాడు కాదు.

యాభై మూడులో మద్రాసు నుంచి విడిపోయి మన రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని అయింది. తిరునాళ్ల వచ్చి, తిరిగి పోవడం మరిచిపోయినట్టు ఉండేది ఊరు. ఖాళీగా ఉన్న చోటల్లా డేరాలు లేచాయి. డేరాల్లో ఆఫీసులు. గాలి దుమారం వస్తే సర్కారు కాగితాలు వీధుల్లోకి ఎగిరి వచ్చేవి, వాటి వెనక బంట్రోతులు పరుగెత్తుకుంటూ వచ్చేవారు. జట్కావాడు మాలాంటి వాళ్లను ఎక్కించుకోవడం మానేశాడు. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలు పెట్టె నెత్తిన పెట్టుకొని, "ఒక్క గది ఉంటే ఇప్పించండి" అని ఇల్లిల్లూ తిరిగేవారు. మా వెనక వీధిలో ఒకాయన గొడ్లపాకకు సున్నం కొట్టి అద్దెకిచ్చాడు. గొడ్లను ఎక్కడ కట్టాడో ఎవరూ అడగలేదు.

అంతకుముందు ఏడాదే కరువు. అప్పటికే మిల్లు గుడ్డ వచ్చి చేనేత చీర అడిగేవాళ్లు తగ్గారు. ఒకరోజు మా ఇంటాయన సంగటి తింటూ, తల ఎత్తకుండా చెప్పాడు. "నాయనా, ఆఫీసులో నీళ్లు మోసే పనిస్తామంటాండారు. ముందర గది గూడా అద్దెకిస్తే మనం మనుషుల మాదిరి బతకొచ్చు. వీళ్లు శాశ్వితంగా ఉంటారో లేదో. పోయినంక మళ్లా గుంట తీస్తాం."

మామ రెండు రోజులు కూర్చొని మగ్గం మీదున్న చీర ముగించాడు. మూడో రోజు, "సరే అప్పా. అయితే ఏటి ఇసుకతో పూడ్చండి. ఇసుకైతే తోడేస్తే వచ్చేస్తాది, గోడకేమీ గాదు. సున్నం మాత్రం తగలనీయొద్దు. అది తడినంతా తాగేస్తాది" అన్నాడు. తానే మగ్గం విప్పి, పాత పంచెల్లో చుట్టి దూలాల మీద పెట్టాడు. పూడ్చేటప్పుడు చూడలేనని డోన్‌లో ఉన్న కూతురింటికి వెళ్లాడు.

ఇసుక దొరకలేదు. ఊళ్లో ఉన్న బండ్లన్నీ కట్టడాలకే తోలుతున్నాయి. మా ఇంటాయన అడిగితే ఒక బండివాడు, "రాజధానికి తోలేదానికే బండ్లు సాలక మేం సస్తాంటే, నీ గుంటకు కావల్నా?" అని నవ్వాడట. నాలుగు రోజుల్లో అద్దెకు వచ్చేవాళ్లు దిగుతారు. మా ఎదురింటివాళ్లు మిద్దె కోసం పాత గోడ పడగొట్టారు. సున్నపు పెళ్లలు వీధిలో కుప్పగా ఉన్నాయి. ఎవరైనా తీసుకుపోతే చాలన్నారు. నాకు అప్పుడు పదిహేడేళ్లు. ఇంట్లో నున్నటి బండల నేల ఉండాలని మనసులో ఒకటే ఆశ. "ఈ పెళ్లలే పోస్తే ఏమైతాది" అన్నది నేను. "నాయన వద్దన్నాడు గదే" అని మా ఇంటాయన గొణిగాడు. "పైన బండలు పరిస్తే ఎవరికి తెలుస్తాది" అన్నదీ నేనే. బుట్టలతో మోసింది కూడా నేనే. దాని మీద బేతంచెర్ల బండలు పరిచాము.

మామ డోన్ నుంచి వచ్చి, చెప్పులు బయట విడిచి, వంగి బండ మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఇసుకే గదమ్మా?" అని అడిగాడు.

"ఇసుకే మామా" అన్నాను.

అద్దెకు వచ్చినవాళ్లు మంచివాళ్లు. గుంటూరు వైపు దంపతులు. ఆయన టైపు కొట్టేవాడు. ఆమె మామను "తాతగారూ" అని పిలిచేది, మా నీళ్లనూ మా ఎండనూ తిట్టుకుంటూ ఇంత పప్పు తెచ్చి ఇచ్చేది. మా ఇంట్లో వారానికి రెండుసార్లు అన్నం వండడం మొదలైంది. నేను మొదటిసారి మిల్లు చీర కొనుక్కొని కట్టుకున్న రోజు మామ చూసి, "బాగుండాదమ్మా. ఎవరు నేసినారు?" అని అడిగాడు. "మిల్లుదంట మామా" అన్నాను. "అట్లనా" అన్నాడు. పగలంతా అరుగు మీద కూర్చునేవాడు. ఊరికే కూర్చున్నా కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కదులుతూ ఉండేవి. నెలకు ఒకసారి మాత్రం, "వీళ్లు ఎన్నాళ్లుంటారంటమ్మా?" అని గొంతు తగ్గించి అడిగేవాడు. వాళ్లు ఎప్పటికీ ఉండాలని నేను దేవుణ్ని కోరుకునేదాన్ని. అన్నం కోసం సగం, ఆ బండలు ఎత్తకూడదని సగం.

మూడేళ్లకు రాజధాని హైదరాబాదుకు పోయింది. కాగితాల కట్టలు లారీలకెత్తారు. డేరాలు దించారు. అవి ఉన్న చోట మేకులు దిగిన బొక్కలు మిగిలాయి. హోటళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ప్రతి తలుపు మీదా 'ఇల్లు అద్దెకు' అని సుద్దముక్కతో రాతలు. వానకు అవి చెరిగిపోతే మళ్లీ రాసే ఓపిక ఎవరికీ లేకపోయింది. మా ఇంటాయనది తాత్కాలికపు పని, ఆయన్ని ఎవరూ రమ్మనలేదు. గుంటూరామె నన్ను పట్టుకొని ఏడ్చి వెళ్లిపోయింది. వీధి మొత్తం దిగులుగా ఉంటే మా మామ ఒక్కడే ఉషారుగా ఉన్నాడు. మరుసటి రోజే గడ్డపార అడిగి తెచ్చాడు.

"రెండు నెలలు సూద్దాం మామా, ఇంకెవరన్నా అద్దెకొస్తారేమో" అన్నాను.

"ఇంకెవరొస్తారమ్మా ఈ ఊరికి" అని బండ కింద గడ్డపార దూర్చాడు.

బండ లేచింది. కింద అంతా తెలుపు. మా ఇంటాయన గోడ వైపు తిరిగాడు. మామ ఒక పెళ్ల తీసుకొని వేళ్లతో నలిపి చూసి, పక్కన పెట్టాడు. నా వైపు చూడలేదు. "ఒగ బుట్ట తెస్తావామ్మా" అన్నాడు, అంతే.

సున్నం తోడేటప్పుడు వాళ్ల నాయన మెత్తిన మట్టి కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. అయినా మామ మగ్గం దించి బిగించాడు. ఎవరినో అడిగి నూలు తెచ్చి పడుగు కట్టాడు. గుంటలో దిగిన మొదటి రోజు ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా ఉంది. ఒక జానెడు నేశాడో లేదో, పోగు తెగింది. అతుకు వేశాడు. మళ్లీ తెగింది. నేను కడవలతో నీళ్లు తెచ్చి పోశాను. పోసినవన్నీ ఎటు పోయాయో తెలిసేది కాదు, గంటకే గోడ ఎండిపోయేది. వంటింట్లో ఉన్నా ఆ తెగిన చప్పుడు నాకు వినిపించేది. చిన్న చప్పుడే, పుల్ల విరిచినంత. అయిదు రోజులు అలా గడిచాయి. ఆరో రోజు సాయంత్రం, "చెయ్యియ్యమ్మా, బయటికొస్తా" అన్నాడు. నేనూ మా ఇంటాయనా పట్టి పైకి లేపాము.

"నా కండ్లు పోయినాయమ్మా" అన్నాడు. "తెగిన పోగు కనపడ్లేదు. మూడేండ్లు ఊరికే కూసున్న చెయ్యి, మొద్దుబారినాది. తప్పంతా నాదే."

మోకాళ్ల దాకా ఆయన కాళ్లు తెల్లగా ఉన్నాయి. పెరట్లో చెంబుతో నీళ్లు పోశాను. తెల్లటి నీళ్లు కారిపోతుంటే చూసి, "పిండి గిర్నీలోంచి లేసొచ్చినట్టుండా గదా" అని నవ్వాడు. అప్పుడైనా తప్పు నాదని చెప్పి ఉండాల్సింది. పెరట్లో మేమిద్దరమే ఉన్నాము. "సంగటి పెట్టేదా మామా?" అని అడిగాను.

మా ఇంటాయన ఆదోనిలో పత్తి మిల్లుకు కూలికి పోయాడు. మామ మళ్లీ గుంటలో దిగలేదు. ఆ వచ్చిన వేసవిలోనే పోయాడు. పాడె మీద ఉన్నప్పుడు కూడా నేను ఆయన ముఖం వైపు నిలబడలేక, కాళ్ల వైపే నిలబడ్డాను. తర్వాత ఎప్పుడో మా ఇంటాయన నన్ను ఓదార్చడానికి, "మన పక్కింటోళ్లు మనకన్నా ముందే ఇసుకతో పూడ్సిరి గదా, తీసినంక వాళ్ల మగ్గం మాత్రం ఎన్నాళ్లాడింది? రెండేండ్లు. మనదీ అంతే, ఎట్లయినా పోయేదే" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. మిల్లు ముందు మా వీధిలో ఒక్క మగ్గమూ నిలబడలేదు. కానీ ఎట్లయినా పోయేదే అని మేము తేలిగ్గా తీసేసిన ఆ రెండేళ్లలోనే మా మామకు మిగిలి ఉన్న కాలమంతా ఉండింది.