మల్లన్న మీద పడిన మాట

ఇన్నేళ్లుగా ఒక విషయం నా గొంతు దాటలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది చాలా చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు. క్రికెట్ తప్ప మరో ఆట ఉందని ఈ నగరంలో గుర్తుండేది మాలాంటి కొద్దిమందికే. నేను భీమవరం నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ కోర్సు చేస్తున్నప్పుడు, ఒక ఆదివారం మల్లన్న నన్ను మ్యాచ్‌కి లాక్కెళ్లాడు. అమీర్‌పేటలో ఫోన్ కవర్లు అమ్మేవాడాయన. గ్యాలరీలో డప్పు కూడా ఆయనదే. ఈ నగరంలో నాకంటూ నలుగురు మనుషులు ఏర్పడింది ఆ రోజే.

క్లబ్బు యజమాని స్థలాల వ్యాపారి. వ్యాపారం దెబ్బతిన్నాక ముందు ఆటగాళ్ల బస్సు ఆగిపోయింది, తర్వాత కోచ్ వెళ్లిపోయాడు. కుర్రాళ్లు జీతాల్లేకుండానే ఆడారు. ఇంతలో, లీగ్‌లో ఆడేందుకు మాకున్న స్థానాన్ని యజమాని వేరే ఊరి టీమ్‌కు ఇచ్చేస్తున్నాడని పుకారు పుట్టింది. అదే జరిగితే మా క్లబ్బు ఇక లేనట్టే. మల్లన్న అభిమానులందరినీ టీ హోటల్ దగ్గర పోగేశాడు. సోమవారం ఫుట్‌బాల్ సంఘానికి వెళ్లి, దీన్ని ఆపమని, క్లబ్బును మేమే నడుపుకుంటామని అడగాలనుకున్నాం.

ముందురోజు, ఆదివారం, యజమాని నుంచి నాకు ఫోన్ వచ్చింది. క్లబ్బు ఫేస్‌బుక్ పేజీ చూసుకునేది నేనే. పంజాగుట్టలో ఆయన ఆఫీసుకు వెళ్లాను. కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. పుకారు నిజమేనన్నాడు, ఏమీ దాచలేదు. కొత్త టీమ్‌లో నన్ను మేనేజర్‌గా పెట్టిస్తానన్నాడు. బదులుగా సంతకాలయ్యేదాకా, ఓ రెండు వారాలు, మావాళ్లను ఆపాలి.

నేను తలూపాను. ఎందుకు ఊపాను? కోర్సు అయిపోయి, ఇంటర్వ్యూలన్నీ పోయి, ఇంటికి ఫోన్ చేయడానికి మొహం చెల్లని రోజులవి. ఈ నగరంలో నన్ను ‘గారు’ అని పిలిచిన మొదటి పెద్దమనిషి ఆయన. ఇంత చిన్న కారణం సరిపోతుందా ఒక మనిషికి? నాకు సరిపోయింది.

సాయంత్రం వెళ్లేసరికి మల్లన్న కొట్టు మూస్తున్నాడు.

“అన్నా, రేపు వద్దు. కొత్త స్పాన్సర్ వస్తున్నాడు. మనం గొడవ చేస్తే వెళ్లిపోతాడు.”

“ఎవలు చెప్పిన్రు?”

“నేనే చూశాను. ఆఫీసులో కూర్చుని ఉన్నాడు.”

ఆయన నా మొహంలోకి చూశాడు. “నీ కండ్లతోని చూసినవా, తమ్మీ?”

“చూశానన్నా.”

“గట్లయితే ఫికర్ లేదు. అందర్నీ నేను ఆపుత. నీ పేరు సుత తియ్య. సార్‌కు తెలిస్తే నీ మీద కోపానికొస్తడు.”

అన్నట్టే అందరినీ తన మాట మీద ఆపాడు.

రెండు వారాలు తిరిగేసరికి మా స్థానం పోయింది. సంతకాలయ్యాక ఏమీ చేయలేమని, ముందే వచ్చి ఉంటే వినేవాళ్లమని సంఘంవాళ్లు అన్నారు. యజమాని నా ఫోన్ ఎత్తడం మానేశాడు. టీ హోటల్ దగ్గర మావాళ్లు మల్లన్నను చుట్టుముట్టారు. “ఎంతకు అమ్ముడువోయినవే?” అని అడిగారు. అడిగినవాళ్లు ఆయన పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచినవాళ్లే. ఆయన తల దించుకున్నాడు తప్ప నా పేరు చెప్పలేదు. నేను అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు.

అందరూ వెళ్లాక ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. “నిన్ను సుత మోసం జేసిండు గదరా వాడు” అన్నాడు.

నేను అబద్ధం ఆడి ఉంటానన్న ఆలోచనే ఆయనకు రాలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ ఓదార్పు కూడా తీసుకుని హాస్టల్‌కు వెళ్లిపోయాను.

తర్వాత ఆయన ఆ టీ హోటల్‌కు రావడం మానేశాడు. కొన్నాళ్లకు కొట్టు ఎత్తేసి వెళ్లిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నాకు పంజాగుట్టలోనే వేరే ఉద్యోగం దొరికింది. పాతవాళ్లు కలిసినప్పుడు ఇప్పటికీ మల్లన్న మమ్మల్ని అమ్మేశాడనే అంటారు. నన్ను కూడా దగా చేశాడని ఇన్నేళ్లూ యజమానిని తిట్టుకుంటూ గడిపాను. ఆ కోపం చాటున నేను హాయిగానే బతికాను.

మల్లన్న ఎవరినీ అమ్మలేదు. ఆయనకు అబద్ధం చెప్పింది నేను. తెలిసే చెప్పాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు చేయగలిగింది కాదు. కానీ ఈ సంగతి తెలిసినవాళ్లం ఇప్పుడు ఇద్దరం ఉన్నాం.