డేరా వెనక చీరల చాటు

మా బడి ఆయమ్మ పోయిన బుధవారం తరిగొప్పులలో తన తమ్ముడింట్లో కన్నుమూసింది. కబురు నాకు ఫోన్‌లో, టీచర్ల గ్రూపులో తెలిసింది. దాని కింద వరసగా దండాలు, పూలు, ‘సేవామూర్తి’, ‘తల్లి లాంటిది’. ఆ రాసిన వాళ్లలో ఆమె పక్కన ఒక్కరోజైనా కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్లు లేరు. చదువుతుంటే రోత పుట్టింది. ఆ రోతలోనే నేనూ ఒక దండం బొమ్మ పెట్టాను. మిగతావాళ్ల సంగతి తర్వాత, ముందు నా సంగతి చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

తెలంగాణ కోసం ఊరూరా సమ్మె నడిచిన ఏడు, నేను జనగామలో రెండో తరగతికి టీచర్ని. మూడో నెల దాటి నాలుగు పడింది. కడుపుతో ఉన్న ఆడదాని ముఖంలో కళ వస్తుందని చెప్పినవాళ్లెవరూ వేవిళ్లు పడి ఉండరు. పిల్లల నెత్తినూనె వాసనొచ్చినా, మధ్యాహ్న భోజనంలో గుడ్డు కనబడినా, మా ఆయన గడ్డం సబ్బు మూత తీసినా పేగులు నోట్లోకి వచ్చేవి. ఎప్పుడూ ఊరే ఉమ్మి. తేన్పు వస్తే గొంతు దాకా మంట. కాళ్లు ఉబ్బి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగేవి. మలబద్ధకం గురించి ఇక్కడ రాయను కానీ రోజూ ఏడ్చేదాన్ని. నా ఒళ్లంటే నాకే అసహ్యం.

ఒకరోజు బయటికి పరిగెత్తేలోపే తరగతి గడప మీద కక్కుకున్నాను. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. తోటి టీచర్లు ఇద్దరు కొంగు అడ్డం పెట్టుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయారు. ఆయమ్మ వచ్చి, మీద ఇంత మన్ను పోసి, రేకుతో ఎత్తేసింది. ముఖం కొంచెం కూడా చిట్లించలేదు. నేను సారీ అంటే, కడుపులో ఉన్నదే కదా బయటికొచ్చింది, ఎవరింట్లోంచో రాలేదు కదా అంది.

ఆ రోజు నుంచి నా తిండి తన పని అనుకుంది. మంచం దిగకముందే గుప్పెడు జొన్న పేలాలు నమలమంది. మూడు పూటలు కాదు, ఆరు సార్లు కొంచెం కొంచెం తినమంది. తిన్నాక వెంటనే పడుకోవద్దంది, పడుకుంటే ఎడమ పక్కకు తిరగమంది. పిక్క పట్టేస్తే కాలి వేళ్లు ముఖం వైపు లాగి పట్టుకోమని, బెంచీ మీద తానే కూర్చుని చేసి చూపింది. “కక్కినా కడుపుల ఇంత మిగుల్తది మేడం. తినకుంటె ఏం మిగుల్తది?” అనేది. చెప్పినవన్నీ చేశాను, చాలావరకు తేరుకున్నాను.

కానీ ఆమె కలిపి తెచ్చిన నిమ్మనీళ్లు మాత్రం గది వెనక్కి వెళ్లి పారబోశాను. బడిలో మరుగుదొడ్లు కడిగేది ఆమే. ఆ చేతులే గుర్తొచ్చేవి. స్టేషన్ ముందు ఒకే బకెట్ మురికినీళ్లలో ముంచి తీసిన గ్లాసులో మాత్రం చాయ్ తాగేదాన్ని. వేవిళ్ల మీదికి తోసేయడానికి కుదరని అసహ్యం అది.

సమ్మెలో మెయిన్ రోడ్డు పక్కన మాకు డేరా వేశారు. పొద్దున పది నుంచి ఐదు దాకా కూర్చోవాలి. అక్కడే పొయ్యి పెట్టి వంటా వార్పు. పులిహోర తాలింపు మాడిన వాసనకు నేను రోడ్డు మీదే వాంతి చేసుకుంటే, ఎవరో మైకులో చెల్లె త్యాగం అన్నారు. మగవాళ్లకు ఒంటికి పోవడానికి ఎదురుగా గోడ ఉంది. ఆడవాళ్లం ఆరుగురం, మాకు ఏమీ లేదు. అందుకని నీళ్లు మానేశాం. పొద్దున ఒక గ్లాసు, మళ్లీ ఇంటికి పోయాకే. ఎవరు ఎంతసేపు ఆపుకోగలరో గొప్పగా చెప్పుకునేవాళ్లం. చదువుకున్నవాళ్లం, సైన్సు పాఠం చెప్పేవాళ్లం.

ఐదో రోజుకు ఒంటికి పోతే మంట మొదలైంది. నడుము లాగేసింది, వణుకొచ్చింది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ పిలవకపోయినా రోజూ వచ్చి డేరా అంచున నేల మీద కూర్చునే ఆయమ్మ నన్ను చూసి లేచొచ్చింది. నీళ్లు తాగి ఎంతసేపైందని అడిగింది. చెప్పాను. అప్పటిదాకా మేడం అన్న మనిషి గొంతు మారింది.

“సర్కారు మీద సమ్మె చెయ్యి బిడ్డా, కడుపుల ఉన్నదాని మీద చెయ్యకు. పత్తి చేన్ల చాటు లేక నేను గిట్లనే నీళ్లు తాగకపోతుంటి. ఏడో నెలల నాది పోయింది.”

ఇది తన పేలాలతో పోయేది కాదని చెప్పి, చెయ్యి పట్టుకుని దవాఖానకు నడిపించింది. మూత్రంలో చీము ఉందని, ఇంకో రెండు రోజులు ఆగితే నొప్పులొచ్చి బిడ్డ దక్కేది కాదని డాక్టరమ్మ తిట్టి మందులు రాసింది.

మర్నాడు ఆయమ్మ రెండు పాత చీరలు, నాలుగు జెండా కర్రలతో వచ్చింది. డేరా వెనక గుంట తీసి, చుట్టూ చీరలు కట్టి, పక్కన బూడిద డబ్బా పెట్టింది. శిబిరం నడిపే సార్ చూసి, పెద్దమనుషులొచ్చే చోట ఇదేం అసహ్యం, తీసెయ్ అన్నాడు.

“పెద్దమనుషులకు గోడ ఉన్నది సారూ. ఈళ్లకు లేదు,” అని కర్ర ఇంకాస్త లోపలికి దిగగొట్టింది.

మాలో ఎవరు చాటుకు వెళ్లినా ఆమె అటు వీపు పెట్టి నిలబడి, జై తెలంగాణ అని గొంతు చించుకునేది. డేరా మొత్తం బదులిచ్చేది. ఆ గోలలో ఏ చప్పుడూ వినబడేది కాదు. ఈమెకు ఉద్యమం బాగా ఎక్కిందని ఆ సారే మెచ్చుకున్నాడు. ఆరుగురం కడుపునిండా నీళ్లు తాగాం.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో నాడు ఆయమ్మ చూడ్డానికొచ్చింది. గడప దాటలేదు. లోపలికి రమ్మని మా అమ్మ అనలేదు, నేనూ అనలేదు. ఆమె నా చేతిలో బిడ్డ వైపు చూసి, వాకిట్లో నల్లా దగ్గర కూర్చుని సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్లీ కడిగింది. గోళ్ల సందులు పుల్లతో తీసి మూడోసారి కడిగింది. చాలు అన్న ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. తర్వాత ఆమె లేచి, కొంగుకు కూడా తుడుచుకోకుండా, రెండు అరచేతులూ ఎండకు చాపి, అవి ఆరేదాకా అట్లాగే నిలబడింది.