చెరువు గట్టు మీద ముళ్ల కంకులు

అమెరికాలో మా షాంటిలీలో గునుగు పువ్వు దొరకదు. మా వీధిలో ఏటా బతుకమ్మ ఆడించే పెద్దామెను అందరం అక్క అంటాం. గునుగు లేని బతుకమ్మ ఏం బతుకమ్మ అని ఆమెది ఒకటే గోల. నాలుగేళ్ల కిందట హైవే పక్కన ఎండి నిలబడ్డ ముళ్ల కంకులు కనబడితే కారు ఆపి, వంటింటి గ్లవ్స్ తొడుక్కుని రెండు సంచుల నిండా కోసుకొచ్చాను. రంగుల్లో ముంచి, ‘అమెరికా గునుగు’ అని పేరు కూడా నేనే పెట్టాను. అందరూ మెచ్చుకుంటే తెగ పొంగిపోయాను. ఆడి పాడి, ఇళ్ల వెనక చెరువులో వదిలాం. కంకుల్లో గింజలుంటాయన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఈ వేసవికి గట్టంతా అదే, మనిషెత్తున. వాటిని తవ్విస్తున్న పార్కు ఉద్యోగినిని అడిగితే దాని పేరు టీజిల్ అంది. ఉన్ని దువ్వుకోవడానికి యూరప్ నుంచి తెచ్చుకున్నారట. ఆ అవసరం తీరిపోయినా మొక్క మాత్రం రోడ్ల వెంట రాష్ట్రాలు దాటి పాకింది. ఆకుల మొదట్లో నిలిచిన వాన నీళ్లు చూపించి, శాస్త్రీయ నామం దాహమనే గ్రీకు మాట నుంచి వచ్చిందని చెప్పింది. ఈ గట్టుకు ఎవరు తెచ్చారో ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

వారానికల్లా బోర్డు పెట్టారు, గింజలు పడి మొలుస్తున్నాయి కనుక చెరువులో పువ్వులు వదలకూడదని. అక్క ఇంట్లో అందరం కూడాం.

“మన పండుగంటే వీళ్లకు కండ్లమంట,” అంది అక్క. “పిటిషన్ వేద్దాం. నీ ఇంగ్లీష్ మంచిగుంటది, నువ్వే డ్రాఫ్ట్ చెయ్యి. డిస్క్రిమినేషన్ అని రాయి.”

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మీద, తలలూపుతున్న వాళ్ల మీద, వారం రోజులు నోరు కుట్టుకు కూర్చున్న నా మీద. నిజంగా అన్యాయం జరిగిన రోజు డిస్క్రిమినేషన్ అంటే ఎవరు నమ్ముతారు?

“ఆ మొక్క తెచ్చింది నేనక్కా. పార్క్ వాళ్లకు అదే రాస్త.”

“రాస్తే మల్ల గట్టు మీద కాలు పెట్టనియ్యరు. పండుగ పోతది, నీ వల్లనే.”

“పోయిందే నా వల్ల,” అని అక్కడే ఫోన్ తీసి, అందరి ముందే ఈమెయిల్ పంపాను. ప్రతి శనివారం వచ్చి తవ్వుతానని కూడా రాశాను.

బతుకమ్మకు నన్నెవరూ పిలవలేదు. ఆ సాయంత్రం గట్టు మీద పారతో వేరు తవ్వుతున్నాను. లోతుగా దిగిన వేరు సగంలో తెగింది. అక్క వాళ్ల బ్యాక్‌యార్డ్‌లోంచి పాట వినబడుతోంది. వాళ్ల మీద కోపంతో పారతో పొడుస్తూనే చూసుకుంటే, నా పెదాలు ఆ పాటే పాడుతున్నాయి.