వణకని వెలుతురు

కుట్టు టీచరమ్మ చొక్కాకి చంక వంపు గీస్తుంటే చూసి తీరాలి గానీ, మాటల్లో చెబితే తెలిసేది కాదు. మిగతావాళ్ళు అక్కడో చుక్కా ఇక్కడో చుక్కా పెట్టుకుని, వంపు అట్ట ఆనించి, ఊపిరి బిగబట్టి గీస్తారు. ఈవిడ భుజం దగ్గర సుద్దముక్క ఆనించిందంటే మళ్ళీ చంక కింద పైకెత్తడమే. మధ్యలో ఆగడం లేదు, చెరపడం లేదు. ఆవిడ దగ్గర నేర్చుకుని వెళ్ళిన ఆడపిల్లలంతా కలిసి ఆవిడకి "ఒక్కగీత టీచరమ్మ" అని పేరు పెట్టారు. పైకి "చాల్లే సంబడం" అని కసురుకునేది గానీ, ఆ పేరంటే లోలోపల మహా మురిపెం.

అలాంటి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట్లో ఆకలేమో అనుకుంది. తర్వాత నీరసమేమో అనుకుంది. ఓ రోజు మెడ వంపు గీస్తుంటే సుద్దముక్క దానంతటది పక్కకి తప్పుకుంది. లైనింగు బట్ట కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి, ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆ డాక్టరు కాగితం ముందు పెట్టి, లోపల్నుంచి బయటికి గుండ్రంగా చుట్ట గీయమన్నాడు. జీవితమంతా వంపులు గీసిన మనిషికి అది పరీక్షా! గీసి చూసుకుంటే, అప్పుడే కలం పట్టడం నేర్చిన పిల్లాడు గీసినట్టుంది. నరాల జబ్బన్నాడు. మందులతో కాస్త అదుపులో ఉంటుంది గానీ పోదన్నాడు, పోనుపోను పెరుగుతుందన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి, "మంచి లైనింగు దొరకలేదండీ" అంది మొగుడితో.

ఎందుకు దాచిందంటే, దానికీ ఓ కథ ఉంది. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏళ్ళ తరబడి కదిలే బస్సులో నిలబడ్డ కాళ్ళు, కదలని ఇంట్లో ఎక్కడ నిలబడాలో తెలియక కొట్టుమిట్టాడాయి. పొద్దస్తమానం ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి ఈ గదిలోకి. సరిగ్గా అప్పుడే టీచరమ్మ క్లాసులు నడిపే గదిని, దాన్ని అద్దెకిచ్చినాయన తన సామాన్ల కోసం ఖాళీ చేయించాడు. "పోతే పోయింది గది. నువ్వు పాఠం చెప్పు, నేను ఫోన్లో తీసి అందరికీ పెడతాను" అన్నాడు కండక్టరు. ఆ రోజుతో ఆయనకి ప్రాణం లేచొచ్చింది. వంటింటి పక్క గది స్టూడియో అయింది. కిటికీకి దుప్పటి కట్టాడు. ఫోనుకి స్టాండు కొన్నాడు. షూటింగు మొదలుపెట్టమనడానికి "రైట్ రైట్!" అనేవాడు, ఆపడానికి "హోల్డాన్!" అనేవాడు. ఇప్పుడు చెయ్యి సంగతి తెలిస్తే ఆయన చేసే మొదటి పని, కత్తెర తీసి బీరువాలో పెట్టి తాళం వేసి "నువ్వు పడుకో" అనడం. తన గీతా పోతుంది, ఆయన స్టూడియో కూడా పోతుంది.

ముందు చిక్కు నీడతో వచ్చింది. ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క ట్యూబులైటు, అదీ ఆవిడ వీపు వెనక. గీస్తుంటే చేతి నీడ గుడ్డ మీద పడేది. చెయ్యి కొంచెం వణికితే నీడ మరింత వణికేది. "నీడ పడుతోందండీ, గీత కనపడట్లేదు" అని ఆవిడ సణిగింది. ఇంకేముంది, కండక్టరుకి పని దొరికింది. పెద్ద పెద్ద స్టూడియో లైట్లు మన తాహతుకి తగవని తేల్చుకుని, చవకలో ఏం దొరుకుతాయా అని వీధి వీధీ గాలించాడు. మొదట కంకణంలా గుండ్రంగా ఉండే లైటు తెచ్చాడు. అందులో టీచరమ్మ మొహం మాత్రం పున్నమి చంద్రుడిలా వెలిగింది, గుడ్డ మీదకి వెలుగు చాల్లేదు. "పాఠం చెప్పేది నా మొహం కాదు కదండీ" అంది. అది తిరిగి దుకాణానికి పోయింది. ఆ తర్వాత బల్లకి అటొకటి ఇటొకటి బిగించే హోల్డర్లు, వాటిలోకి రెండు చవక ఎల్ఈడీ బల్బులు వచ్చాయి. రెండు పక్కల నుంచీ వెలుగు పడేసరికి నీడ మాయమైంది.

నీడ పోయింది గానీ కొత్త తంటా వచ్చిపడింది. కంటికి బాగానే ఉంది, ఫోన్లో చూస్తే మాత్రం నల్లటి చారలు తెర మీద పైనుంచి కిందికి పాకుతున్నాయి. బల్లా, టేపూ, కత్తెరా అన్నీ గజగజలాడుతున్నట్టు ఉన్నాయి. కండక్టరు తల పట్టుకున్నాడు. టీచరమ్మ తీసిన వీడియోని కళ్ళార్పకుండా చూసింది. అంతా వణుకుతోంది. అంతా వణుకుతుంటే ఆ ఒక్క చెయ్యి ఎవరి కంట పడుతుంది?

"ఇవే బాగున్నాయి, ఉంచేయండి" అంది.

"ఇదేం బాగే? చూసేవాళ్ళ కళ్ళు తిరిగి పడిపోతారు!"

"చవగ్గా వచ్చాయిగా. పాఠం వినేవాళ్ళు విననే వింటారు."

ఒక్క కుట్టు పక్కకి పోతే మొత్తం విప్పించి మళ్ళీ కుట్టించే మనిషి, ఇంత దరిద్రపు లైటుతో సరిపెట్టుకుంటోందేమిటా అని కండక్టరు కాసేపు ఆశ్చర్యపోయాడు. తనకి ఖర్చు తగ్గించాలనే అలా అంటోందని ఆయనకి ఆయనే సమాధానం చెప్పుకున్నాడు. పెళ్ళాం మంచితనానికి పాపం కళ్ళు చెమర్చాయి కూడా.

ఆ చారల లైటు కింద పాఠాలు వరసగా సాగాయి. గీత వంకర పోయినప్పుడల్లా టీచరమ్మ, "లైటు ఆడుతోందమ్మా, గీత సరిగ్గానే ఉంది, ఇలాగే గీసుకోండి" అనేది. అంతకు ముందెన్నడూ పాఠంలో అబద్ధం చెప్పి ఎరుగదు. చెప్పిన ప్రతిసారీ నోరు చేదెక్కేది. అయినా చెప్పేది.

ఓ సాయంత్రం కండక్టరు ఫోను పట్టుకుని మొహం వేలాడేసుకుని వచ్చాడు. కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయి ఒకతె వీడియో కింద రాసిందట. టీచరమ్మ గీసినట్టే గీసి కోసిందట. చంక దగ్గర పట్టేసి చొక్కా దేనికీ పనికి రాకుండా పోయిందట. వాళ్ళ నాన్నకని డబ్బులు దాచుకుని కొన్న గుడ్డట అది. "మీ లైటు ఊగుతుంటే నాకే గీత సరిగ్గా కనపడలేదేమో టీచరమ్మా" అని తప్పంతా తన నెత్తినే వేసుకుంది.

"నా వల్లే" అన్నాడు కండక్టరు. "చవక బల్బులు తగిలించి ఆ పిల్ల గుడ్డ పాడుచేశాను. రేపే వెళ్ళి మంచి లైటు కొందాం. నువ్వూ రా."

కాదు, మీ వల్ల కాదు అన్న ముక్క టీచరమ్మ నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. చెప్పాల్సింది అప్పుడే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

లైట్ల కొట్టులో కండక్టరు చేసిన హడావిడి అంతా ఇంతా కాదు. బల్బు మంచిదో కాదో కనిపెట్టే కిటుకు ఎక్కడో నేర్చుకొచ్చాడు. వెలిగించిన బల్బుకి దగ్గరగా ఫోను కెమెరా పెట్టడం, తెర మీద చారలు పాకితే పక్కన పెట్టేయడం. కొట్టువాడు వెలిగించిందల్లా చారలే.

"బాబాయ్, బల్బు కొంటున్నారా, బల్బుకి ఎక్స్‌రే తీస్తున్నారా?" అన్నాడు కొట్టువాడు విసుక్కుంటూ.

"రోగం లోపలుంటే బయటికి తెలీదు నాయనా, తీయాల్సిందే" అన్నాడు కండక్టరు హుషారుగా. పక్కన నిలబడ్డ టీచరమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది.

ప్రతి బల్బుకీ ఆవిడ లోపల దండం పెట్టుకుంటోంది, చారలు రావాలి, చారలు రావాలి అని. చివరికి కొట్టువాడు అట్టపెట్టె చిరిగిపోయిన పలకలాంటి లైటొకటి తీశాడు. అడాప్టరుతో వెలిగేది. దాని ముందు ఫోను పెడితే తెర తేటగా నిలిచింది. ఒక్క చార లేదు. "దొరికిందే!" అని కండక్టరు కొట్టంతా వినపడేలా కేకేశాడు.

"మరీ తెల్లగా ఉంది. పైగా ధరెక్కువేమో" అంది ఆవిడ.

"పెట్టె చిరిగిందిగా పిన్నిగారూ, తగ్గించే ఇస్తాను. ఇంకోటి కూడా ఉంది, రెండూ పట్టుకెళ్ళండి" అన్నాడు కొట్టువాడు. కండక్టరు అప్పటికే డబ్బులు తీశాడు.

ఇంటికొచ్చి వెలిగిస్తే వెలుగు కాస్త కరుగ్గా ఉంది. తెల్లటి పల్చటి బట్టతో తొడుగు కుడితే మెత్తబడుతుందన్నాడు ఆయన. కుట్టాల్సింది ఇంకెవరు, టీచరమ్మే. మిషను పాదం కింద గుడ్డ పట్టుగా ఉంటుంది కాబట్టి కుట్టు ఇంకా తిన్నగానే పడుతోంది. కావాలంటే మందపాటి గుడ్డ వేసి ఆ వెలుగుని చంపేయొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ చెడ్డ పని చేతులారా చేయడం ఆవిడకి రాదు. లైట్ల కొలత తీసుకుని, అంచులు మడిచి, రెండు తొడుగులూ ముచ్చటగా కుట్టి ఇచ్చింది. కుట్టేంతసేపూ కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం ఆ చంక వంపు పాఠాన్నే మళ్ళీ తీద్దామని కూర్చున్నారు. గుడ్డ పరిచింది. రెండు లైట్లూ వెలిగాయి. పోగు పోగూ లెక్కపెట్టుకోవచ్చు, అంత శుభ్రంగా ఉంది. కండక్టరు ఫోనుని ముందుకి జరిపి, గుడ్డా చెయ్యీ మాత్రమే పడేలా పెట్టాడు.

"రైట్ రైట్!"

ఆవిడ భుజం దగ్గర సుద్ద ఆనించింది. గీసింది.

"హోల్డాన్! స్టాండు కదులుతోందే" అన్నాడు ఆయన. మరలన్నీ బిగించాడు. ఆవిడ అరచేత్తో గీత తుడిచేసి మళ్ళీ గీసింది. మళ్ళీ ఆపాడు. ఫ్యాను గాలికేమోనని ఫ్యాను కట్టేశాడు. మళ్ళీ గీసింది. బల్ల కాలు ఎత్తుగా ఉందేమోనని లైటు పెట్టె అట్టే చింపి కాలి కింద పెట్టాడు. మళ్ళీ గీసింది. స్టాండు పాదం మీద ఇస్త్రీ పెట్టె బరువు పెట్టాడు. ఆయన ఒక్కోటీ సరిచేస్తుంటే ఆవిడ చూస్తూ కూర్చుంది. ఇంకెన్ని మిగిలాయా అని మనసులో ఎంచుకుంటోంది.

ఇక సరిచేయడానికి ఏమీ మిగల్లేదు. కండక్టరు వంగి తెరలోకి చూశాడు. బల్ల కదలట్లేదు. టేపు కదలట్లేదు. కత్తెర కదలట్లేదు. ఆయన మెల్లిగా తెర మీంచి కళ్ళు తిప్పి, ఆవిడ చేతిని చూశాడు.

"చలేస్తోందా?" అన్నాడు. ఫ్యాను ఆపిన గదిలో ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

"లేదండీ."

"మరి?"

"వణుకుతోందండీ. మీరా రెండు బల్బులు తేకముందు నుంచే."

"అయితే ఆ చారల లైటు బాగుందన్నది..."

"అందులో మీకు కనపడదని."

"డాక్టరుకి చూపిద్దాం. ఇప్పుడే పోదాం, లే."

"చూపించుకున్నాను. లైనింగు బట్టకని చెప్పి వెళ్ళానే, ఆ రోజు. పోదన్నాడు. పెరుగుతుందన్నాడు."

"ఒక్కదానివే వెళ్ళావా?" అన్నాడు. జబ్బు కంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ కోసింది. "అంత మాట విని, ఒక్కదానివే నడుచుకుంటూ ఇంటికొచ్చావా?"

ఆవిడ తల వంచుకుంది. ఆయన గోడ వైపు తిరిగి, ఏ లోపమూ లేని లైటు తొడుగుని ఊరికే సవరించాడు. వెనక నుంచి చూస్తే ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

టీచరమ్మే అంది. "ఫోను పెట్టండి. ఆ పిల్ల గుడ్డ పోయింది నా వల్ల. మీ బల్బుల వల్ల కాదు. ఆ ముక్క చెప్పాలి."

"వద్దే. నలుగురూ నీ చెయ్యి చూస్తారు."

"చూడనివ్వండి. తప్పు గీత నేర్పేశాను వాళ్ళకి."

ఆయన ఫోను పెట్టాడు. ఈసారి 'రైట్ రైట్' అనలేదు, ఊరికే తలూపాడు.

"అమ్మాయిలూ, ఇన్నాళ్ళూ లైటు ఆడుతోందని చెప్పాను. అబద్ధం. ఆడింది నా చెయ్యి. గుడ్డ పాడుచేసుకున్న తల్లీ, తప్పు నీది కాదమ్మా, నాది. ఇక నుంచి నన్ను చూసి ఎవరూ గీయకండి. కొలతలు చెబుతాను, రాసుకోండి. అట్ట ఆనించుకుని గీసుకోండి. చంక వంపు ఎలా ఉండకూడదో మాత్రం నేను చూపిస్తాను." సుద్ద ఆనించి గీసింది. మంచి వెలుతురులో గీత మెలికలు మెలికలుగా, ప్రతి మెలికా కనపడేలా పడింది. "ఇదిగో, ఇలా వచ్చిందంటే చెరిపేయాలి" అంది. అనడమైతే అంది గానీ, చెరపడానికి చెయ్యి ఎత్తలేకపోయింది.

కండక్టరు ఫోను ఆపేశాడు. రెండు లైట్లూ ఆర్పేశాడు. వచ్చి బల్ల ఇవతల కూర్చుని, సుద్ద అంటిన ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. మణికట్టు దగ్గర పట్టి చూశాడు. వేళ్ళన్నీ కలిపి గుప్పిట్లో మూసి చూశాడు. గుండెకి అదిమి పట్టుకుని చూశాడు. ఎలా పట్టుకుంటే ఆగుతుందోనని పట్టు మార్చి మార్చి చూశాడు.

ఆగలేదు.